గేమింగ్ కీబోర్డు కొన్న నెలకే ఎడమ మణికట్టు పట్టేస్తోంది, ఏం చేయాలి?

నైట్‌షిఫ్ట్_రాయగడ
నెల క్రితం మెకానికల్ కీబోర్డు కొన్నాను. బ్లూ స్విచ్‌లు (మీట కింద టకటకమనే రకం), రంగుల లైట్లు, వెనక మడత కాళ్లు, అన్నీ ఉన్నాయి. కొరియర్ రాయగడ చేరడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ సంతోషంతో నిద్ర లేదు, ఇప్పుడు నొప్పితో నిద్ర లేదు. ఎడమ మణికట్టు, చిటికెన వేలు వైపు. గంట ఆడగానే బిగుసుకుంటుంది. రెండో గంటలో షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే లోపల తీగ లాగినట్టు ఉంటుంది. రాత్రి పదిన్నర నుంచి ఒంటిగంట దాకా వాలొరాంట్ అనే తుపాకుల ఆట, శనివారాలు ఇంకో గంట ఎక్కువ. పాత మూడొందల యాభై రూపాయల కీబోర్డుతో రెండేళ్లు ఆడాను, ఇంత నొప్పి ఎప్పుడూ లేదు. అంటే తప్పు కీబోర్డుదేనా? కీబోర్డు ముందు పెట్టే మెత్త, రిస్ట్ రెస్ట్, కొంటే తగ్గుతుందా? అమ్మ అయితే "ఆ టకటకల పెట్టెని తీసుకెళ్లి బయట పారెయ్" అంటోంది. మూడు వేల ఎనిమిది వందలు పోసి కొన్నది.

ఎక్కడ_పింగ్
పారెయ్. కానీ మా వీధి వైపు పారెయ్.

జయపురం_జంపర్
బ్లూ స్విచ్ తీసుకున్నప్పుడే అయిపోయింది. అది గట్టి. చెర్రీ ఎంఎక్స్ స్విచ్‌ల లెక్కలో రెడ్ రకం నొక్కడానికి 45 గ్రాముల బలం చాలు, బ్లూకి 60 దాకా కావాలి. రాత్రంతా ఆడితే ఎన్ని వేల నొక్కుళ్లు? నేను రెడ్‌కి మారాక నా చెయ్యి బాగుపడింది. అమ్మేసి రెడ్ తీసుకో.

వంశధార_వాసు
జంపర్ భాయ్, పదిహేను గ్రాములంటే ఎంత? మా గుణుపురంలో పుదీనా కట్టకి కొసరు అంత. దానికి చెయ్యి పడిపోతుందా? నేను నాలుగేళ్లుగా బ్లూ మీదే ఉన్నాను.

జయపురం_జంపర్
నాలుగేళ్లుగా బ్లూ, నాలుగేళ్లుగా అడుగున బ్రాంజ్ ర్యాంకు.

వంశధార_వాసు
దానికీ దీనికీ సంబంధం లేదు 😑

పర్లాకిమిడి_ఫిజియో
స్విచ్ సంగతి తర్వాత చూద్దాం. నైట్‌షిఫ్ట్ గారూ, నాలుగు ప్రశ్నలు. ఒకటి, కీబోర్డు వెనక కాళ్లు ఎత్తి పెట్టారా, మడిచారా? రెండు, బల్ల ఎత్తు ఎంత, కుర్చీ ఎత్తు ఎంత? టేపుతో కొలిచి చెప్పండి, ఉజ్జాయింపు వద్దు. మూడు, తిమ్మిరి ఉందా? ఉంటే ఏ వేళ్లకి? నాలుగు, ఆట కాకుండా పగలు ఏం పని చేస్తారు?

ముందే చెబుతున్నాను, నేను డాక్టర్ని కాదు, ఫిజియోథెరపిస్టుని. చెయ్యి చూడకుండా ఇక్కడ జబ్బు పేరు పెట్టను.

సిరొంచ_శీను
నాకు కూడా చెప్పుండ్రి. నాది కుడి బొటనవేలు మొదట్లో. కీబోర్డు కాదు, ఫోన్‌లో బీజీఎంఐ ఆట. చాయ్ గ్లాసు ఎత్తితే కూడా సుర్రుమంటది.

కోరాపుట్_చలి
మా దగ్గర డిసెంబర్లో వేళ్లు ఎటూ పనిచేయవు, నొప్పి తెలిసేది ఎక్కడ. ఆటకి ముందు స్టీలు గ్లాసులో వేడి నీళ్లు పోసుకుని రెండు చేతులతో ఐదు నిమిషాలు పట్టుకుంటాను. నవ్వకండి, చల్లటి చేత్తో మొదటి మ్యాచ్ ఆడితే మర్నాడు తెలుస్తుంది.

పాత_టైపిస్టు
అసలు మణికట్టు ఎక్కడ ఆనించి కొడుతున్నావు బాబూ? బరంపురంలో మేము టైపు నేర్చుకునేటప్పుడు మెషీన్ ముందు చెయ్యి ఆనించే చోటే ఉండేది కాదు. మణికట్టు కిందికి జారితే మాస్టారు చెక్క స్కేలు కింద నుంచి పెట్టి పైకి లేపేవారు. కొట్టేవారు కాదు, లేపేవారు. అదే ఎక్కువ సిగ్గుగా ఉండేది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు కోర్టు కాగితాలు కొట్టాను. వేళ్లు అరిగాయి గానీ మణికట్టు నొప్పి ఎరగను.

ఎక్కడ_పింగ్
మాస్టారూ, మీ కాలంలో హెడ్‌షాట్ కొట్టాల్సిన పని లేదు కదా.

పాత_టైపిస్టు
తప్పు కొడితే జడ్జిగారి చూపు ఉండేది నాయనా. అది చాలు.

నైట్‌షిఫ్ట్_రాయగడ
కొలిచాను. బల్ల 30 అంగుళాలు (డైనింగ్ టేబుల్, ఎవరూ దాని మీద తినరు కాబట్టి నాది). ప్లాస్టిక్ కుర్చీ సీటు పదహారున్నర. కూర్చుని చేతులు వదిలేస్తే మోచెయ్యి నేల నుంచి ఇరవై ఐదున్నర. కీబోర్డు కాళ్లు ఎత్తే పెట్టాను, డబ్బా మీద బొమ్మలో అలాగే ఉంది. కాళ్లతో కలిపి కీబోర్డు వెనక వైపు అంగుళంన్నర.

తిమ్మిరి ఉంది. పొద్దున్న లేవగానే చిటికెన వేలు, ఉంగరం వేలు. చెయ్యి విదిలిస్తే పోతుంది. ఇది నొప్పితో సంబంధం ఉన్నదని అనుకోలేదు, అందుకే రాయలేదు.

పగలు జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపులో చేస్తాను. ఒడియా, తెలుగు టైపింగ్ నాదే. అది మామూలు కీబోర్డే కదా, దానికేం?

పర్లాకిమిడి_ఫిజియో
"దానికేం" అన్నారు చూడండి, సగం జవాబు అక్కడే ఉంది. షాపులో ఎన్ని గంటలు?

నైట్‌షిఫ్ట్_రాయగడ
తొమ్మిది నుంచి ఏడు. మధ్యలో గంట భోజనం. స్కాలర్‌షిప్ ఫారాల సీజన్ కాబట్టి నెల రోజులుగా ఊపిరాడటం లేదు.

వంశధార_వాసు
ఓహో. నెల రోజులుగా కొత్త కీబోర్డు, నెల రోజులుగా స్కాలర్‌షిప్ ఫారాలు. పాపం బ్లూ స్విచ్ మీద కేసు పెట్టేశారు.

పాత_టైపిస్టు
ఏ లేఅవుట్‌లో కొడతావు? ఇన్‌స్క్రిప్టా?

నైట్‌షిఫ్ట్_రాయగడ
అవును మాస్టారూ. ఒడియాకీ తెలుగుకీ అమరిక ఒకటే కదా, ఒకసారి నేర్చుకుంటే రెండూ వచ్చేస్తాయి.

పాత_టైపిస్టు
అయితే నీ చిటికెన వేలి కష్టం నాకు తెలిసిపోయింది. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. ఒత్తు అక్షరం కావాలంటే షిఫ్ట్. అచ్చు విడిగా కావాలంటే షిఫ్ట్. క కొట్టే మీటకి షిఫ్ట్ కలిపితే ఖ, ద కి కలిపితే ధ, త కి కలిపితే థ. నువ్వు రోజుకి వందసార్లు కొట్టే "ఆధార్" చూడు. మొత్తం ఐదు మీటలు. ఆ కి షిఫ్ట్, ధ కి షిఫ్ట్. ఒక్క మాటలో రెండుసార్లు చిటికెన వేలు చాచి పట్టుకోవాలి. ఒడియాలో ధ, భ, ఖ తెలుగు కంటే తక్కువేం కాదు.

నిజం చెప్పు, కుడి షిఫ్ట్ వాడతావా?

నైట్‌షిఫ్ట్_రాయగడ
...కుడి వైపు కూడా షిఫ్ట్ ఉందని తెలుసు 🙈

పాత_టైపిస్టు
అనుకున్నాను. ఎడమ చేతి అక్షరానికి కుడి షిఫ్ట్, కుడి చేతి అక్షరానికి ఎడమ షిఫ్ట్. టైపు మెషీన్‌లో షిఫ్ట్ బరువుగా ఉండేది, ఒకే చేత్తో అదీ ఇదీ నొక్కడం కుదిరేది కాదు. అందుకే ఆ అలవాటు మాకు ఊరికే పట్టుబడింది. మీ మీటలు మెత్తన, అందుకే ఒకే వేలు మీద అంతా తోసేస్తున్నారు. పగలు తొమ్మిది గంటలు షిఫ్ట్, రాత్రి నిశ్శబ్దంగా నడవడానికి మళ్లీ అదే షిఫ్ట్. అదే వేలు!

బరంపురం_బుజ్జి
మాస్టారూ, ఇంత దూరం ఎవరూ ఆలోచించలేదు, దండం. నేను డీటీపీ చేసిన రోజుల్లో షిఫ్ట్ మీద నాకూ కాయ కాచింది.

ఒక చిన్న కిటుకు. గేమర్లందరూ తిట్టుకునేది ఒకటి ఉంది కదా, షిఫ్ట్ ఐదుసార్లు టకటకా కొడితే విండోస్‌లో స్టిక్కీ కీస్ అని పెట్టె లేచి ఆట మధ్యలో చంపేస్తుంది. అందరం దాన్ని ఆపేసుకుంటాం. కానీ షాపులో అది బంగారం. ఆన్ చేస్తే షిఫ్ట్ పట్టుకోనక్కర్లేదు. ఒకసారి తట్టి వదిలేసి, తర్వాత అక్షరం కొడితే చాలు, ధ వచ్చేస్తుంది. రెండుసార్లు తడితే లాక్ అవుతుంది, అది మాత్రం చూసుకో. వేలు చాచి ఉంచే పని పోతుంది.

ఎక్కడ_పింగ్
నా జీవితంలో స్టిక్కీ కీస్‌ని ఎవరైనా పొగడటం ఇదే మొదటిసారి. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

జయపురం_జంపర్
ఆటలో షిఫ్ట్ గొడవకి నా సలహా. సెట్టింగ్స్‌లో నడక, వంగడం వేరే మీటలకి మార్చుకో. కంట్రోల్ మీద ఉన్న వంగడాన్ని స్పేస్ పక్కనున్న ఆల్ట్‌కి ఇస్తే బొటనవేలు చూసుకుంటుంది. బొటనవేలు ఊరికే కూర్చుని తింటోంది కదా. లేదా మౌస్ పక్క బటన్‌కి. చాలా ఆటల్లో పట్టుకునే బదులు ఒకసారి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్ అయ్యే టాగుల్ కూడా ఉంటుంది.

వంశధార_వాసు
టాగుల్ పెడితే ర్యాంక్డ్ మ్యాచ్‌లో పోయినట్టే. వంగున్నానో లేచున్నానో మర్చిపోయి నిలబడి చూస్తుంటాను. ఆల్ట్ మాట మాత్రం ఒప్పుకుంటాను. మొదటి మూడు రోజులు ఆల్ట్ ట్యాబ్ పడిపోయి ఆట బయటికి వచ్చేస్తుంది, నాలుగో రోజుకి చెయ్యి వింటుంది.

కోరాపుట్_చలి
ఆటలో కదలడానికి అందరూ వాడే డబ్ల్యూ ఏ ఎస్ డీ మీటల నుంచి ఒక మీట కుడికి జరిగి ఈ ఎస్ డీ ఎఫ్ మీద ఆడేవాళ్లు ఉన్నారు. చెయ్యి కొంచెం మధ్యకి వస్తుంది. అయినా ఈ డబ్ల్యూ ఏ ఎస్ డీ ఎవడు కనిపెట్టాడో.

బరంపురం_బుజ్జి
కనిపెట్టినవాడు ఒక్కడే అని చెప్పలేం గానీ, అందరికీ అలవాటు చేసిన పేరు థ్రెష్ అని చెప్పుకుంటారు. అసలు పేరు డెనిస్ ఫాంగ్. 1997లో క్వేక్ పోటీ గెలిస్తే ఆ ఆట తయారుచేసినవాళ్లలో ఒకడైన జాన్ కార్మాక్ తన ఫెరారీ కారు బహుమతిగా ఇచ్చేశాడు. అది చూసి మౌస్ పట్టుకున్న ప్రతివాడూ ఎడమ చెయ్యి అక్కడ పెట్టాడు.

ఈ ఎస్ డీ ఎఫ్ మన నైట్‌షిఫ్ట్‌కి పనికిరాదు. చిటికెన వేలు ఏ మీదికి వస్తుంది, షిఫ్ట్ ఇంకా దూరం అవుతుంది. షిఫ్ట్ వాడని ఆటకైతే సరే.

ఎక్కడ_పింగ్
ఫెరారీ ఇస్తే నేను మణికట్టు కూడా ఇచ్చేస్తాను.

పర్లాకిమిడి_ఫిజియో
కేసులు చూసి ఇప్పుడే వచ్చాను. కొలతలు ఇచ్చారు కాబట్టి ముందు వాటి సంగతి.

మోచెయ్యి ఇరవై ఐదున్నర దగ్గర ఉంది. బల్ల ముప్పై. దాని మీద కీబోర్డు. అంటే మీ వేళ్లు మోచేతి కంటే ఐదారు అంగుళాల పైన పనిచేస్తున్నాయి. అప్పుడు రెండే దారులు. భుజం చెవి దాకా ఎత్తాలి, లేదా మోచెయ్యి కింద ఉంచి మణికట్టుని వెనక్కి విరవాలి. మీరు రెండోది చేస్తున్నారని నా అనుమానం. వెనక కాళ్లు ఎత్తితే ఆ విరుపు ఇంకా ఎక్కువవుతుంది. ఆ కాళ్లు అక్షరాలు కనిపించడానికి పనికొస్తాయి, చేతికి కాదు. ఈ రాత్రే మడిచేయండి. పైసా ఖర్చు లేదు.

పాత కీబోర్డు పల్చన కాబట్టి రెండేళ్లు ఎలాగో గడిచింది. కొత్తది మందం. జంపర్ గారు అన్న గ్రాములకంటే ఈ మందమే ఎక్కువ చేసింది అనుకుంటున్నాను. గ్రాముల్లో నిజం లేదనను. కానీ మీట సుమారు 2 మిల్లీమీటర్లు దిగేసరికే పని అయిపోతుంది, మనం టెన్షన్‌లో 4 దాకా నేలకేసి గుద్దుతాం. ఆ గుద్దుడు రెడ్ మీదా ఉంటుంది.

రిస్ట్ రెస్ట్ పేరు చూసి మోసపోకండి. దాని మీద ఆనాల్సింది అరచేతి మడమ, మణికట్టు లోపలి వైపు కాదు. అదీ ఆట ఆగినప్పుడు. ఆనించి నొక్కిపెట్టి వేళ్లు ఆడిస్తే లోపల నరాలు, కండరాల తాళ్లు వెళ్లే ఇరుకు దారి మీదే బరువు వేసినట్టు. మాస్టారు చెప్పిన స్కేలు కథ అక్షరాలా కరెక్టు.

ఇక తిమ్మిరి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కితే అందరూ చెప్పుకునే కార్పల్ టనెల్ వైపు చూస్తాం, అది మణికట్టు దగ్గర. చిటికెన వేలు, ఉంగరం వేలు అయితే నరం వేరు. అది మోచేతి వెనక ఎముక పక్కనుంచి వస్తుంది. గోడకి తగిలితే జివ్వుమంటుందే, అదే. షాపులో ఎడమ మోచెయ్యి ఎక్కడ ఆనిస్తారు?

నైట్‌షిఫ్ట్_రాయగడ
రాస్తూ చూసుకున్నాను. అద్దం కౌంటర్ అంచు మీద. కస్టమర్ నంబర్లు చెబుతుంటే కుడి చేత్తో కొడతాను, ఎడమ మోచెయ్యి అంచుకి ఆనించి గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటాను. అక్కడ చర్మం నల్లగా గరుగ్గా అయిపోయింది. ఎప్పుడూ పట్టించుకోలేదు.

పర్లాకిమిడి_ఫిజియో
అదీ సంగతి. ఈ రోజు నుంచి మోచెయ్యి అంచు మీద పెట్టకండి. పెట్టక తప్పకపోతే మెత్తటి గుడ్డ మడత వెయ్యండి. రాత్రి చెయ్యి మడిచి తల కింద పెట్టుకుని పడుకుంటారా? మడిస్తే ఆ నరం సాగుతుంది. తువ్వాలు మోచేతి చుట్టూ వదులుగా చుట్టి పడుకోండి, పూర్తిగా మడవకుండా ఆపుతుంది. బిగించకండి.

రెండు మూడు వారాల్లో తగ్గకపోయినా, తిమ్మిరి పగలంతా ఉండిపోయినా, వస్తువులు చేతిలోంచి జారుతున్నా, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ పల్చబడినా ఇక్కడ అడగొద్దు. డాక్టరుకి చూపించి నరాల పరీక్ష చేయించుకోవాలి. ఆలస్యం చేస్తే కండ తిరిగి రావడం కష్టం.

శీను గారూ, బొటనవేలు అరచేతిలో పెట్టి పిడికిలి మూసి, మణికట్టుని నెమ్మదిగా చిటికెన వేలు వైపు వంచండి. ఆ చోటే బాగా నొప్పి లేచిందా?

సిరొంచ_శీను
అమ్మో. ఒక్కసారికే కండ్లల్ల నీళ్లొచ్చినయ్.

మా అమ్మకు కూడా గిక్కడ్నే నొప్పి. ఎండాకాలం తునికాకు కట్టలు కడతది, బొటనవేలితో తాడు గుంజి గుంజి. నేను చేసి చూపిస్తే తను కూడా చేసి అబ్బా అన్నది. ఇద్దరం కూసొని పిడికిళ్లు చూసుకుంటున్నం. నాన్న వచ్చి ఏం పూజ అని అడిగిండు.

పర్లాకిమిడి_ఫిజియో
బొటనవేలి తాళ్లు వాచినట్టుంది. డీ క్వెర్వైన్ అంటారు. మళ్లీ మళ్లీ పిడికిలి పరీక్ష చేయకండి, అదే వాపు పెంచుతుంది. బొటనవేలిని కదలకుండా ఉంచే పట్టీ కొన్ని వారాలు, ఫోన్ ఆట బంద్. తగ్గకపోతే డాక్టరు ఇంజెక్షన్ ఇస్తారు, చాలామందికి దానితో పోతుంది. అమ్మగారికి కూడా చూపించండి. మీరు ఆట ఆపితే సరిపోతుంది, ఆవిడకి అది కూలి.

సిరొంచ_శీను
సరే మేడమ్. మా దగ్గర మరాఠీల మణికట్టును మనగట్ అంటరు. పేరు దగ్గరదగ్గరే, నొప్పి సేమ్.

వంశధార_వాసు
మాకు ఒడియాలో "హాతొ బింధుచి" అంటే అన్ని నొప్పులూ అయిపోతాయి. ఏ వేలు, ఏ నరం అని అడిగేవాడే లేడు.

జయపురం_జంపర్
నువ్వుల నూనె గోరువెచ్చగా రాసి గట్టిగా మర్దన చేయించుకుంటే? మా ఊళ్లో ఒకాయన ఉన్నాడు, లాగితే టక్కుమంటుంది.

కోరాపుట్_చలి
ఆ టక్కుమనే ఆయన దగ్గరికి మా బావ వెళ్లాడు. వెళ్లేటప్పుడు నొప్పి, వచ్చేటప్పుడు వాపు.

పర్లాకిమిడి_ఫిజియో
వెచ్చటి నూనె, మెత్తగా రాసుకోవడం వరకు హాయిగా ఉంటే రాసుకోండి. లాగించుకోవద్దు.

బరంపురం_బుజ్జి
మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. బరంపురంలో అప్పడాలు ఒత్తుతుంది, ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను. ఒకరోజు నేను కౌంటర్ స్ట్రైక్ ఆడుతుంటే వెనక నిలబడి చాలాసేపు చూసింది. తెరని కాదు, నా చేతిని. తర్వాత వచ్చి నా కుడి భుజాన్ని వేలితో పొడిచి "ఇదెందుకే నిద్రపోతోంది?" అంది.

ఆవిడ ఒత్తేటప్పుడు చూశాను మర్నాడు. పీట మీద మినప ముద్ద, కర్ర మీద రెండు అరచేతులు. మణికట్టు అసలు కదలదు. కర్ర ముందుకి వెళ్తే భుజం వెళ్తుంది, వెనక్కి వస్తే భుజం వస్తుంది. ముద్దని తిప్పేటప్పుడు మాత్రం వేళ్లు. కొత్తగా వచ్చిన కోడళ్లు మణికట్టుతో ఒత్తి వారానికే పట్టీలు కట్టుకుంటారట.

నేను మౌస్ సెన్సిటివిటీ సగానికి తగ్గించాను. దానితో మౌస్ చాలా దూరం జరపాలి, అంటే ముంజేయి మొత్తం కదలాలి. మొదటి వారం ఘోరంగా ఆడాను, టీమ్‌లో వాళ్లు ఒడియాలో, తెలుగులో, హిందీలో తిట్టారు. తర్వాత కుడి చెయ్యి నొప్పి పోయింది. ఎడమ చేతికి అంత కదలిక ఉండదు కాబట్టి దానికి ఎత్తు సరిచేయడం ఒక్కటే దారి.

ఎక్కడ_పింగ్
పెద్దమ్మని కోచ్‌గా పెట్టుకుందాం. ఫీజు ఎంత?

బరంపురం_బుజ్జి
కేజీ అప్పడాలు కొంటే సలహా ఫ్రీ.

నైట్‌షిఫ్ట్_రాయగడ
బల్ల కోయడానికి నాన్న ఒప్పుకోడు. కుర్చీ ఎత్తు ఎలా పెంచాలి? కాళ్ల కింద ఇటుకలు పెట్టనా?

వంశధార_వాసు
వద్దు! ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు బయటికి జారతాయి. నేను పెట్టాను. గెలిచిన ఆనందంలో వెనక్కి వాలాను. ఆ తర్వాత నొప్పి మణికట్టులో లేదు.

కోరాపుట్_చలి
ఒక కుర్చీలో ఇంకో కుర్చీ పెట్టు, ఒకే రకంవి. రెండున్నర అంగుళాలు లేస్తుంది, కదలదు. దాని మీద బొంత నాలుగు మడతలు. కాళ్లు వేలాడితే కింద పీట.

ఎక్కడ_పింగ్
మూడు కుర్చీలు పెడితే సింహాసనం.

పర్లాకిమిడి_ఫిజియో
చలి గారి ఉపాయం బాగుంది. కీబోర్డు కాళ్లు మడిస్తే ఇంకో అర అంగుళం కలిసొస్తుంది. ఇంకో పని. జిరాక్స్ షాపు కదా, పొడుగు స్కేలు ఉంటుంది. ఆడే పొజిషన్‌లో చెయ్యి పెట్టి, మోచేతి నుంచి మధ్య వేలి మొదలు దాకా పైన స్కేలు ఆనించమని ఎవరినైనా అడగండి. చెయ్యి వంకర లేకుండా స్కేలు వెంట తిన్నగా ఉండాలి. చెయ్యి చిటికెన వేలు వైపు వంకర తిరిగితే చేతిని కాదు, కీబోర్డుని తిప్పండి. బల్లకి సమాంతరంగా ఉండాలని ఎక్కడా రాసిలేదు. పోటీల్లో ఆడేవాళ్లు కీబోర్డు వాలుగా ఎందుకు పెడతారో అప్పుడు తెలుస్తుంది.

జయపురం_జంపర్
విరామం సంగతి? "అరగంటకోసారి లేచి నడవండి" అంటారు, ర్యాంక్డ్ మధ్యలో లేస్తే బ్యాన్.

బరంపురం_బుజ్జి
లేవక్కర్లేదు. వాలొరాంట్‌లో దాదాపు ప్రతి రౌండ్‌కి ముందు కొనుక్కునే టైమ్ 30 సెకన్లు ఉంటుంది. మనం ఐదు సెకన్లలో తుపాకీ కొనేసి మిగతా ఇరవై ఐదు సెకన్లు ఊరికే గంతులేస్తాం, కత్తి తిప్పుతాం. ఆ ఇరవై ఐదు సెకన్లు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకో. చచ్చిపోయాక కూడా చాలామంది మీటలు గట్టిగా పట్టుకునే చూస్తుంటారు. చచ్చాక వదిలెయ్యి.

ఎక్కడ_పింగ్
వాసు అన్నకి అయితే బోలెడు విశ్రాంతి.

వంశధార_వాసు
ఈ థ్రెడ్‌లో నాకు శత్రువులు పెరుగుతున్నారు.

జయపురం_జంపర్
ఎడమకి, కుడికి కదిలే మీటలు రెండూ కలిసి నొక్కినా చివరిదాన్నే తీసుకుని తనే సర్దుకునే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా, వేలికి పని తగ్గదా?

బరంపురం_బుజ్జి
వాటి జోలికి పోవద్దు. కౌంటర్ స్ట్రైక్‌లో 2024 ఆగస్టులో ఆ ఆట కంపెనీ వాల్వ్ వాటిని నిషేధించింది, అధికారిక సర్వర్లలో కనిపెడితే మ్యాచ్‌లోంచి బయటికి పంపేస్తుంది. వేలు మిగులుతుంది, ఆట మిగలదు.

నైట్‌షిఫ్ట్_రాయగడ
మూడు వారాల తర్వాత వచ్చాను, అడిగినవాళ్ల కోసం.

మొదటి రాత్రే కీబోర్డు కాళ్లు మడిచాను. రెండు కుర్చీలు, బొంత, పీట. ఇప్పుడు మోచెయ్యి బల్ల కంటే ఒక అంగుళం కిందే ఉంది. స్కేలు మా షాపు ఓనరు చేతే పట్టించాను, ఆయన నాకు పిచ్చి పట్టిందనుకుని తర్వాత తన చేతికీ పెట్టి చూసుకున్నాడు. వంగడం ఆల్ట్‌కి మార్చాను. ఆల్ట్ ట్యాబ్ పడి రెండు మ్యాచ్‌లు పోయాయి, వాసు అన్న చెప్పినట్టే.

షాపులో స్టిక్కీ కీస్ పెట్టాను. ఓనరు నా సిస్టమ్ మీద కూర్చున్నప్పుడు లాక్ అయిపోయి ఒక అప్లికేషన్‌లో పేరంతా ఒత్తక్షరాలతో పడింది. మా షాపులో ఇప్పుడు దానికి "దెయ్యం షిఫ్ట్" అని పేరు.

మణికట్టు నొప్పి ముప్పాతిక తగ్గింది. చిటికెన వేలి తిమ్మిరి పొద్దున్న ఇంకా కొంచెం ఉంటోంది, వారానికి రెండు రోజులు. రాత్రి తువ్వాలు నిద్రలో నేనే తీసి పారేస్తున్నానట, తమ్ముడు చెప్పాడు.

పర్లాకిమిడి_ఫిజియో
తగ్గుతోంది కాబట్టి భయం లేదు. కానీ పూర్తిగా పోలేదు, ఆ నరం ఒకసారి ఎవరికైనా చూపించుకోండి. ఆట ఎన్ని గంటలు?

నైట్‌షిఫ్ట్_రాయగడ
పన్నెండింటికి ఆపేస్తున్నాను.

నైట్‌షిఫ్ట్_రాయగడ
సరే, పన్నెండున్నర.

పాత_టైపిస్టు
కుడి షిఫ్ట్?

నైట్‌షిఫ్ట్_రాయగడ
సగం సగం మాస్టారూ. "ఆ" కి గుర్తుంటోంది, "ఇ" కి మర్చిపోతున్నాను.

సిరొంచ_శీను
నాకు డాక్టర్ పట్టీ ఇచ్చిండు. అమ్మకు కూడా అదే. ఇద్దరికి ఒకటే సైజు, పొద్దున్న ఎవరిది ఎవరిదో తెల్వక లొల్లి.

కోరాపుట్_చలి
నైట్‌షిఫ్ట్ తమ్ముడూ, పీట ఇంకా ఉందా? ఇంట్లోవాళ్లు ఊరుకున్నారా?

నైట్‌షిఫ్ట్_రాయగడ
పీట అమ్మ వెనక్కి లాక్కుంది, పూజకి కావాలట. ఇప్పుడు కాళ్ల కింద కీబోర్డు వచ్చిన అట్టపెట్టె పెట్టుకున్నాను, లోపల పాత ఫారాలు కూరి. పారెయ్యమన్న పెట్టె అదే కదా అని అమ్మ ఏమీ అనడం లేదు.